ఆ ఉత్తరం రాసినదెవరు?



పాపసంకీర్తనానికి సిద్ధపడేటప్పుడు పది ఆజ్ఞలనూ ఒక్కొక్కటిగా తలచుకుంటాం. ఎనిమిదవ ఆజ్ఞ దగ్గరకు వచ్చేసరికి మాత్రం తొందరగా దాటిపోతాం. "అబద్ధాలాడాను" అని ఒక్క మాట అనుకుంటే ఆ లెక్క తీరిపోయినట్లే. సంతలో ధర మార్చి చెప్పడం, పిల్లవాడు బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అనడం, మన మనసులో అబద్ధమంటే ఇంతవరకే. మరి అబద్ధమని తెలియక, నిజమని నమ్మి, నలుగురికీ చెప్పిన అబద్ధం సంగతేమిటి? అది ఎవరి లెక్కలో పడుతుంది?

ఆ మధ్య యువజనుల సత్యోపదేశ తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది. "విదేశాల వాళ్లు మన ఎన్నికలప్పుడు అబద్ధాలు పుట్టిస్తారంటున్నారు గదా ఫాదర్ గారూ, కురిచేడులో కూర్చున్న వాళ్లం మనమేం చేయగలం?" మంచి ప్రశ్న. కాని నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అలాంటి అబద్ధాలలో ఒకదాన్ని, అదీ చాలా పెద్దదాన్ని, ఈ ప్రాంతానికి మోసుకొచ్చిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ సంగతే ఈ వారం మీతో చెప్పాలని కూర్చున్నాను.

అది 1992 వేసవి. పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చాను. దర్శి వైపున మాది చిన్న ఊరు. సాయంత్రం పూట అరుగు మీద పదిమంది చేరేవారు. సెమినరీలో చదివేవాడంటే అప్పట్లో ఊళ్లో గొప్ప గురి. పేపరులో వచ్చినదానికి లేని విలువ "బ్రదర్ గారు చెప్పారు" అన్నదానికి ఉండేది. ఆ రోజు మాటల్లో ఎయిడ్స్ ప్రస్తావన వచ్చింది. మన దేశంలో మొదటి కేసులు 1986లో మద్రాసులో బయటపడ్డాయి. డాక్టర్ సునీతి సోలమన్ గారి బృందం రక్త పరీక్షలలో వాటిని కనుగొన్నది. అప్పటినుంచీ ఆ పేరు వింటేనే అందరికీ భయం. నేను గొంతు సవరించుకొని, ఈ జబ్బు దానంతటది పుట్టింది కాదనీ, అమెరికా మిలిటరీ వాళ్లు తమ ప్రయోగశాలలో తయారుచేసి పేదదేశాల మీదకు వదిలారనీ చెప్పాను. సెమినరీ భోజనశాలలో చేతులు మారిన ఒక ఆంగ్ల కరపత్రంలో చదివాను. ప్రయోగశాల పేరు కూడా చెప్పాను, ఫోర్ట్ డెట్రిక్ అని. పేరుతో సహా చెప్పేసరికి ఇంకెవరికీ అనుమానం మిగల్లేదు.

ఆ అరుగు మీద నాకు అన్న వరుస అయిన ఒకాయన ఉన్నారు. మార్కాపురం నుంచి పలకల లోడు దూరప్రాంతాలకు వేసుకుపోయే లారీ డ్రైవరు. ఆయన కథ తరువాత చెబుతాను. ముందు ఆ కరపత్రం ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. అది నాకు తెలిసింది గురుపట్టం పొందిన ఎన్నో ఏళ్లకు.

1983 జూలైలో ఢిల్లీ నుంచి వెలువడే పేట్రియాట్ అనే ఆంగ్ల దినపత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినాయన పేరు లేదు. న్యూయార్కులోని ఒక సుప్రసిద్ధ అమెరికన్ శాస్త్రవేత్త అని మాత్రం ఉంది. మేరీల్యాండ్ రాష్ట్రంలో ఉన్న ఫోర్ట్ డెట్రిక్‌లో ఎయిడ్స్‌ను తయారుచేశారని, ఆ ప్రయోగాలను ఇక పాకిస్తానుకు తరలించబోతున్నారని, అప్పుడు భారతదేశానికి ముప్పు తప్పదని దాని సారాంశం. చూడండి ఎంత లెక్కగా ఉందో! అమెరికా పేరు ఒక్కటే ఉంటే మనవాళ్లు చదివి పక్కన పడేసేవారేమో. పాకిస్తాను పేరు పడగానే ఉలిక్కిపడతారని రాసినవాడికి తెలుసు.

రాసినవాడు శాస్త్రవేత్త కాడు. అది సోవియట్ గూఢచారి సంస్థ కెజిబి పని. సోవియట్ పక్షం వహించే ఆ పత్రికను అందుకు ఎన్నుకున్నారు. ఉత్తరం రెండేళ్లపాటు చప్పుడు లేకుండా పడి ఉంది. 1985 సెప్టెంబరు 7న కెజిబి బల్గేరియా గూఢచారి శాఖకు తంతి పంపి, ఈ కథను వ్యాపింపజేయడంలో సాయం కోరింది. ఆ కాగితం తరువాతి కాలంలో బల్గేరియా దస్తావేజులలో దొరికింది. అదే ఏడాది అక్టోబరు నెలాఖరులో మాస్కోలోని లితెరతూర్నయ గజెత అనే వారపత్రిక ఆ కథనే ప్రచురించింది. ఆధారంగా ఏమి చూపించిందో తెలుసా? భారతదేశంలోని పేట్రియాట్ పత్రిక! తామే రాసి, మన ఊరి సంచిలో పెట్టి, మన ఊరి నుంచి వచ్చిందని తామే చూపించారన్నమాట. మరుసటి ఏడు తూర్పు బెర్లినులో యాకోబ్ జేగల్ అనే విశ్రాంత శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రం రంగు పూశాడు. 1986లో హరారేలో జరిగిన అలీన దేశాల సదస్సులో ఆ పుస్తకం పంచిపెట్టారు. లండనులో ఒక పెద్ద ఆదివారపు పత్రిక మొదటి పేజీకి ఎక్కింది. 1987 మార్చిలో అమెరికాలోని సిబిఎస్ టెలివిజన్ వార్తలలోనే దాన్ని చదివారు. ఎనభైకి పైగా దేశాలలో, ముప్పైకి పైగా భాషలలో వచ్చిందని లెక్క.

నిజానికి ఆ వైరస్ చింపాంజీల నుంచి మనుషులకు సోకిందని, అదీ ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలోనే మధ్య ఆఫ్రికాలో జరిగిందని శాస్త్రవేత్తలు తరువాత నిర్ధారించారు. అప్పటికి వైరస్‌ను తయారుచేసే విద్య సంగతి అటుంచి, వైరస్ అంటే ఏమిటో కూడా సరిగా తెలియదు. 1992లో రష్యా గూఢచారి శాఖ అధిపతి ప్రిమకోవ్ ఆ పత్రికా కథనాల వెనుక కెజిబి ఉన్నదని ఒప్పుకున్నారు. 1992, గమనించారా? పుట్టించినవాళ్లు అబద్ధమని ఒప్పుకున్న సంవత్సరంలోనే నేను దాన్ని అరుగు మీద కూర్చొని చెబుతున్నాను.

నేనెందుకు నమ్మాను? తెలివి తక్కువై కాదు. తర్కశాస్త్రంలో నాకు మంచి మార్కులే వచ్చేవి. నమ్మడానికి కారణం, ఆ అబద్ధం ఒక నిజమైన గాయం మీద వాలింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ 1932 నుంచి 1972 వరకు టస్కెగీ అనే చోట సుమారు నాలుగువందలమంది నల్లజాతి రోగులకు సిఫిలిస్ ఉందని తెలిసీ, మందు అందుబాటులోకి వచ్చాక కూడా చికిత్స చేయకుండా గమనిస్తూ కూర్చున్నది. ఇది కట్టుకథ కాదు, ఆ ప్రభుత్వమే తరువాత క్షమాపణ చెప్పుకున్నది. ఒకసారి అలా చేసినవాళ్లు మళ్లీ ఎందుకు చేయరు అని జనం అనుకోవడంలో తప్పేముంది? 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని నల్లజాతివారిలో దాదాపు సగంమంది ఇంకా ఎయిడ్స్ మనిషి తయారుచేసిందేనని నమ్ముతున్నట్లు తేలింది. విదేశీ అబద్ధం చేసే పని సాధారణంగా ఇదే. కొత్త పుండు పెట్టదు. ఉన్న పుండును వెతుక్కుంటుంది. మన కులం పుండు, మతం పుండు, నీళ్ల పుండు అన్నీ దానికి తెలుసు.

రెండో పక్షం వాళ్లు కడిగిన ముత్యాలని నేను అనడం లేదు. భారతదేశంలో అమెరికా రాయబారిగా పనిచేసిన మోయ్నిహాన్ 1978లో రాసిన పుస్తకంలో, కేరళలోనూ పశ్చిమ బెంగాలులోనూ కమ్యూనిస్టులను ఓడించడానికి తమ దేశం రెండుసార్లు రహస్యంగా డబ్బు ఇచ్చిందని ఒప్పుకున్నారు. 1959లో కేరళ ప్రభుత్వం పడిపోయిన ఉద్యమంలో మన క్రైస్తవులు ముందు వరుసలో ఉన్నారని కూడా మరచిపోకూడదు. ఇక మన దేశం పేరు మీద జరిగినది చూడండి. 2020 డిసెంబరులో ఐరోపా పరిశోధకులు కొందరు, నూరుకు పైగా దేశాలను ఉద్దేశించి నడిచిన వందలాది దొంగ వార్తా సంస్థల వలను బయటపెట్టారు. అది భారతదేశానికి అనుకూలంగా, పాకిస్తానుకు వ్యతిరేకంగా పదిహేనేళ్లు నడిచిందట. 2006లో కన్నుమూసిన ఒక అమెరికన్ ఆచార్యుడు 2007లో ఒక సమావేశానికి హాజరైనట్లు కూడా అందులో చూపించారు. మన విదేశాంగ శాఖ తమకు సంబంధం లేదని ఖండించింది. ఎవరు చేయించారన్నది నేను తేల్చగలిగినది కాదు. మనవైపుకు అనుకూలంగా ఉంటే ఆ అబద్ధం మనకు అబద్ధంలా కనబడదన్నదే నా బాధ.

ఇంకొక సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. మనకు నచ్చని మాట ఎవరన్నా అంటే "ఇది విదేశీ కుట్ర" అని ముద్ర వేయడం కూడా అబద్ధ సాక్ష్యమే. క్రైస్తవులమైన మనకు ఆ ముద్ర ఎంత మండుతుందో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి రుజువు లేకుండా మనం ఇంకొకరికి వేయకూడదు.

కొంచెం తత్వశాస్త్రం చెప్పనివ్వండి, ఎక్కువ కాదు. సత్యమంటే మన బుద్ధి ఉన్న వస్తువుతో ఏకీభవించడం అని పునీత తోమాసు అక్వినాసు గారు నేర్పారు. వస్తువు ఎలా ఉందో మనసు అలా ఉండాలి, అంతే. అయితే ఉన్న వస్తువులలో మనం కళ్లారా చూసేవి ఎన్ని? పునీత అగుస్తీను గారు తన జీవితాన్ని తలపోసుకుంటూ, తన తల్లిదండ్రులు ఎవరన్నది కూడా ఇతరులు చెప్పగా నమ్మిందే గదా అని ఆశ్చర్యపోయారు. మనకు తెలిసినవాటిలో నూటికి తొంభై ఇతరుల నోటిమాట మీద ఆధారపడ్డవే. అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. మనుషులు కలిసి బతకడమంటేనే అది. మన ప్రాంతంలో సాగరు కాలువ నీరు వదిలినప్పుడు చెరువు నింపుకొని ఊరంతా నెలల తరబడి తాగుతాం. ప్రతి బిందెనూ ఎవరూ పరీక్ష చేయించుకోరు. నమ్మకం కూడా అలాంటి ఊరుమ్మడి చెరువు. ఓటు వేసేవాడు ఆ చెరువు నీళ్లు తాగే ఓటు వేస్తాడు. ఫలానా పథకం వచ్చిందా లేదా, ఫలానా చోట గొడవ ఎవరు మొదలుపెట్టారు, ఓటింగు యంత్రం సరిగా ఉందా లేదా, ఇవన్నీ అతడు స్వయంగా వెళ్లి చూసిరాలేడు. చెరువు చెడితే కొందరు విషం తాగుతారు. మిగిలినవాళ్లు ఏ నీళ్లూ నమ్మక దాహంతో కూర్చుంటారు. "అందరూ అబద్ధాలే చెబుతారు, ఎవరికి వేస్తే ఏముంది" అనే మాట మన బజారులో ఈమధ్య ఎక్కువైంది. బయటి శత్రువుకు మనం ఏ పార్టీకి ఓటు వేశామన్నదానికంటే, మనం ఇలా అనడమే ఎక్కువ లాభం.

ఇప్పుడు కరపత్రాల కాలం పోయింది, జేబులో ఫోను ఉంది. 2016లో అమెరికా ఎన్నికల ముందు, దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు ట్రంపును బలపరిచారని ఒక పచ్చి అబద్ధం పుట్టి, ఫేస్‌బుక్‌లో తొమ్మిది లక్షల అరవై వేలసార్లు స్పందనలు పొందింది. కోట్లమంది కతోలికుల పెద్దను వాడుకోవడానికి కూడా వెనుకాడలేదు. ఆ వార్తను ఎక్కువగా తిప్పినవాటిలో రుమేనియాలో కూర్చొని ఒకాయన నడిపిన వెబ్‌సైటు ఉంది. 2018లో పోపుగారు ప్రపంచ సమాచార దినోత్సవ సందేశాన్ని ఈ విషయం మీదనే ఇస్తూ, ఏదెను తోటలో సర్పం అవ్వతో మాట్లాడిన తీరును మొదటి ఉదాహరణగా చూపించారు. ఆ సర్పం కూడా నిజంతోనే మొదలుపెట్టింది, చివర వంకర తిప్పింది.

మన తెలుగు నేల మీదనే 2018లో జరిగినది ఇంకా మరచిపోలేదు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు, ఫోటోలు వచ్చాయి. వాటిలో బాగా తిరిగిన ఒక వీడియో ఏమిటంటే, పాకిస్తానులోని కరాచీలో, తప్పిపోయే పిల్లల గురించి తల్లిదండ్రులను హెచ్చరించడానికి ఒక స్వచ్ఛంద సంస్థ తీయించినది. మోటారు సైకిలు మీద వచ్చినవాళ్లు పిల్లవాడిని ఎత్తుకుపోయి, మళ్లీ తీసుకొచ్చి దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగం కత్తిరించి పంపారు. చనిపోయిన చిన్నారుల ఫోటో ఒకటి 2013లో సిరియాలో విషవాయు దాడికి బలైన పిల్లలది. కత్తిరించినది ఏ దేశంవాడో మనకు తెలియదు. చంపినది మాత్రం మన చేతులు. ఆ మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్ట ప్రాంతంలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. పంపినవాళ్లలో చాలామంది తల్లులే అయ్యుంటారని నా అనుమానం. పిల్లల మీద ప్రేమతో, జాగ్రత్త చెబుదామని పంపి ఉంటారు.

అదే సమయంలో తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఏమి జరిగిందో చూడండి. ఎండాకాలం రాత్రులు ఆరుబయట మంచాలు వేసుకొని పడుకునే జనం, ఉక్కపోతలో తలుపులు బిగించుకొని లోపల పడుకుంటున్నారని ఒక కానిస్టేబులు గమనించాడు. ఎందుకని అడిగితే ఫోన్లు చూపించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. ఊరికొక పోలీసును అప్పగించారు. అతడు వెళ్లి అరుగు మీద కూర్చొని, వాళ్ల ఫోనులోని వీడియో వాళ్లతోనే చూసి, ఇది ఎక్కడిదో విడమరచి చెప్పాలి. డప్పు కొట్టి దండోరా వేయించారు, పాటలు కట్టి పాడించారు. ఊరివాళ్ల వాట్సాప్ బృందాలలో పోలీసులు చేరారు. ఆమె పరిధిలోని నాలుగువందలకు పైగా గ్రామాలలో ఆ పుకార్లకు ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా పరిమితి పెట్టింది. మంచిదే. కాని నాకు ఎక్కువ నచ్చింది ఆ కానిస్టేబులే. అతడు సందేశాన్ని చూడకముందు మంచాలను చూశాడు.

ఆ అమ్మాయి ప్రశ్నకు నేను ఆలస్యంగా ఇస్తున్న జవాబు ఇదే. మాస్కోలో, ఇంకొక చోట కూర్చొని రాసేవాడిని కురిచేడు నుంచి మనం ఆపలేం. వాడికి మాత్రం మనం కావాలి. పేట్రియాట్ పత్రిక లేకుండా కెజిబి ఉత్తరం ఒట్టి కాగితం. నేను లేకుండా ఆ కరపత్రం మా ఊరి అరుగు ఎక్కేది కాదు. ప్రతి చేతి మార్పుతో పుట్టినచోటు చెరిగిపోయి, ఇచ్చినవాడి మంచిపేరు దానికి అంటుకుంటుంది. అందుకే "మామయ్య పంపాడు", "ఉపదేశి గారు చెప్పారు" అన్నదానితో ఆగకుండా, "ఆయనకెవరు చెప్పారు? మొదట చూసినవాళ్లెవరు? ఎప్పుడు, ఎక్కడ?" అని ఒక మెట్టు వెనక్కి నడవాలి. మామయ్యను అవమానించినట్లు అవుతుందని జంకుతాం. "మామయ్యా, ఇది మీకు ఎక్కడినుంచి వచ్చింది?" అని మర్యాదగా అడగడంలో అవమానం ఏముంది? చదవగానే ఒళ్లు మండినా, భయం వేసినా ఆ సందేశాన్ని రాత్రంతా ఫోనులోనే ఉంచండి. నిజమైతే తెల్లారేసరికి మురిగిపోదు. ఎన్నికల గురించి అయితే 2024లో ఎన్నికల సంఘం పుకార్లకు జవాబులు ఒకచోట చేర్చి పెట్టింది, మన యువజనులు పెద్దవాళ్లకు చూపించవచ్చు.

మరి ఇప్పటికే పంపేసిన వాటి సంగతి? దొంగిలించిన వస్తువును తిరిగి ఇవ్వకుండా పాపసంకీర్తనం చేస్తే సరిపోదని మనకు చిన్నప్పుడే నేర్పారు. సత్యానికి విరుద్ధంగా చేసిన కీడుకు కూడా అదే విధంగా నష్టపరిహారం చెల్లించాలని శ్రీసభ సత్యోపదేశం చెబుతోంది. తెలియక చేస్తే పాపం కాకపోవచ్చు. తెలిసిన రోజు నుంచి అప్పు మొదలవుతుంది. ఏ బృందంలో పంపామో ఆ బృందంలోనే, "నేను పంపినది తప్పు" అని రాయాలి. సందేశం తుడిచేసి మౌనంగా ఉండటం అప్పు తీర్చడం కాదు.

ఆ డ్రైవరు అన్న గురించి చెబుతానన్నాను. ఆ రోజు అరుగు మీద ఆయన అందరికంటే శ్రద్ధగా విన్నారు. "అయితే ఇది మిలిటరీ వాళ్ల పనన్నమాట, మన నడతతో సంబంధం లేదు" అన్నారు. నేను అవునని గాని కాదని గాని అనలేదు. అప్పట్లో మన రాష్ట్రం దేశంలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలలో ఒకటిగా లెక్కకు వచ్చింది. లారీ డ్రైవర్లకు ప్రభుత్వం వారు జాగ్రత్తలు చెప్పేవారు, రక్త పరీక్షకు రమ్మనేవారు. ఆయనకు తరచుగా జ్వరం రావడం మొదలైనప్పుడు పరీక్షకు ఒప్పుకోలేదట. అది అమెరికావాళ్ల నాటకం, సూదులు కూడా వాళ్లవే అని వాదించారట. 2002లో పోయారు. ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. ఆయన మరణానికి నా మాటే కారణమని చెప్పను, లారీ బతుకుకు దాని కారణాలు దానికి ఉన్నాయి. నా మాటకు అందులో భాగం లేదని కూడా చెప్పలేను.

ఆ ఉత్తరం చరిత్ర చదివిన తరువాత, ఆ ఊరు వెళ్లి వదినను కలిశాను. దేవుని దయవల్ల ఆమె మందులు వాడుతూ ఆరోగ్యంగా ఉన్నారు. అరుగు ఇప్పుడు లేదు, సిమెంటు రోడ్డు పడింది. "వదినా, అప్పుడు నేను అన్నకు చెప్పింది అబద్ధం. వేరే దేశం వాళ్లు కల్పించింది. తెలియక చెప్పాను" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "మీరు ఒక్కసారే చెప్పారు ఫాదర్ గారూ. మీ అన్న లారీ ఆగిన ప్రతిచోటా చెప్పేవాడు. మా మరిది చదువుకున్నాడు, ఆయన చెప్పాడు అనేవాడు." ఆయన లోడు దింపే ఊళ్ల పేర్లు ఆమెకు ఇంకా గుర్తున్నాయి. వినుకొండతో మొదలుపెట్టి ఒక్కొక్కటే చెబుతూ పోయారు.